జాడ: తిప్పేశ్వర్ నుంచి జ్ఞానగంగ దాకా

తెలుగులో జాడ అనే మాటకు అర్థాలు రెండు. నేల మీద పడిన అడుగు గుర్తు జాడ. ఎక్కడున్నాడో తెలియని మనిషి ఆచూకీ కూడా జాడే. మొదటిది దొరికితే రెండవది దొరికినట్టేనని మన పూర్వులు అనుకుని ఉంటారు. కాని ఈ ఇసుకలో అడుగు వేసిన ప్రాణీ, నెల క్రితం నూరు కోసుల అవతల కనిపించిన ప్రాణీ ఒక్కటేనని నిర్ధారించి చెప్పటం మనిషికి చేతనయి ఎంతో కాలం కాలేదు. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఆ విద్య చరిత్ర. అది మా శ్రీరాంపూర్ చుట్టుపక్కల అడవుల దాకా ఎలా వచ్చింది, వచ్చి ఏమి చూపించింది అన్నదే అందులో నాకు ముఖ్యం.

శ్రీరాంపూర్ ఎరుగని మిత్రుల కోసం ఒక్క మాట. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి మంచిర్యాల జిల్లా. గోదావరికి ఉత్తరపు గట్టున, సింగరేణి బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన ఊరు. ఇక్కడ చాలామందిమి ఎక్కడి నుంచో వలస వచ్చిన కుటుంబాల వాళ్ళమే. "మీదే ఊరు?" అంటే, ఇక్కడే పుట్టి పెరిగినవాడు కూడా తాతగారి ఊరి పేరే చెబుతాడు. బాయి దిగే ప్రతివాడికీ ఒక ల్యాంపు నంబరు ఉంటుంది. షిఫ్టు ముగిశాక ఆ నంబరు దీపం ల్యాంపు రూముకు తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. నంబరును బట్టి ప్రాణి జాడ కనిపెట్టడం అనే సంగతి కాబట్టి మాకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు.

ఈ విద్యలో కఠినమైన పాఠాలు కొన్నింటిని మనిషి సముద్రంలో నేర్చుకున్నాడు. హంప్‌బ్యాక్ తిమింగలం ఏటా ధ్రువప్రాంతపు చల్లని నీళ్ళకూ ఉష్ణమండలపు వెచ్చని నీళ్ళకూ మధ్య వేల కిలోమీటర్లు తిరుగుతుంది. తిండి అక్కడ, సంతానం ఇక్కడ. అయితే ఏ తిమింగలం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో తెలిసేదెలా? బ్రిటిష్ వారి 'డిస్కవరీ' పరిశోధకులు 1930లలో ఒక ఉపాయం అమలులో పెట్టారు. నంబరు చెక్కిన ఉక్కు గొట్టాన్ని తుపాకీతో తిమింగలం ఒంట్లోకి కాల్చేవారు. దొరికినవారు దీనిని లండనుకు పంపితే బహుమానం ఇస్తామని ఆ గొట్టం మీదే రాసి ఉండేది. ఎవరికి దొరుకుతుంది? ఆ తిమింగలాన్ని చంపి, కోసి, కొవ్వు కరిగించే వేటగాడికి. అంటే ఒక ప్రాణి ఎంత దూరం వెళ్ళిందో తెలియాలంటే అది ముందు చావాలి. జాడ మొదటి కొన ప్రాణంతో ఉన్న శరీరంలోనూ, రెండవ కొన కొవ్వు కాగే బానలోనూ ఉండేవి.

1970లలో దృష్టి మారింది. హంప్‌బ్యాక్ మునిగేముందు తోకను నీటి పైకెత్తుతుంది. ఆ తోక అడుగుభాగాన ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటిని ఫోటోలు తీసి ఆల్బములు కట్టటం మొదలుపెట్టారు. ఇక గుచ్చవలసిన పని లేదు, చంపవలసిన పని అంతకన్నా లేదు. ప్రకృతి వేసిన నంబరు ఒంటి మీదే ఉన్నది, చదివే ఓపిక కావాలంతే. ఆ ఆల్బములే ఇప్పుడు కంప్యూటర్లలోకి చేరాయి. కొలంబియా దగ్గర పసిఫిక్ సముద్రంలో 2013లో, మళ్ళీ 2017లో ఫోటోకు చిక్కిన ఒక మగ హంప్‌బ్యాక్ 2022లో ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దగ్గర తేలింది. ఆ రెండు చోట్ల మధ్య దూరం 13,046 కిలోమీటర్లు అని 2024 డిసెంబరులో లెక్క ప్రచురించారు. అది తిన్నగా పోయిన దూరం కింద కట్టిన లెక్క. నిజంగా ఈదినది ఇంకెంతో.

మన వైపు కథ కూడా ఒకటున్నది. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు ధ్రువాల వైపు పోవు, ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. 1966లో సోవియట్ ఓడలు దొంగచాటుగా అక్కడ వందలకొద్దీ హంప్‌బ్యాక్‌లను వేటాడాయి. ఆ సంగతి ముప్ఫై ఏళ్ళ తరువాత గాని లోకానికి తెలియలేదు. ఇప్పుడక్కడ మిగిలినవి నూటికి లోపేనని అంచనా. 2017లో ఒమాన్ తీరంలో ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక ఆడ తిమింగలం అరేబియా సముద్రం దాటి మన దేశపు దక్షిణపు కొస దాకా వచ్చింది. దాని పేరు లుబాన్, అంటే సాంబ్రాణి. ఒమాన్ నుంచి మన తీరానికి మధ్యలో ఏ కంపెనీ వీసా లేకుండా ప్రయాణించిన ప్రాణి అదొక్కటే అని మా కరీంనగర్ వైపు మస్కట్ వెళ్ళివచ్చిన వాళ్ళెవరైనా నవ్వవచ్చు.

ఇక నేల మీదకు వస్తాను. ఉత్తర తెలంగాణకు సముద్రం లేదు. మాకు దూరప్రయాణపు ప్రాణి అంటే పెద్దపులి. దాని ప్రయాణం తిమింగలం వలసలాగా ఏటేటా వెళ్ళి తిరిగివచ్చేది కాదు. రెండేళ్ళ వయసు దాటిన పిల్ల తల్లిని విడిచి తనదైన నేల వెతుక్కుంటూ పోయేది. మగపిల్ల మరీ దూరం పోతుంది. పోతే మళ్ళీ రాకపోవచ్చు. మా ఊరి వలసకు దగ్గరగా ఉన్నది తిమింగలం కాదు, ఇదే.

పులి జాడ తీసే శాస్త్రం చరిత్ర చూస్తే తిమింగలం కథే మళ్ళీ కనిపిస్తుంది. రాజుల కాలంలో, నిజాం కాలంలో పులి గురించి రాతపూర్వకంగా మిగిలినది చచ్చిన పులి పొడవు మాత్రమే. 1960లలో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి అడుగు గుర్తుల మీద గాజు పలక పెట్టి గీత గీసుకుని పులులను విడివిడిగా గుర్తించే పద్ధతిని రూపొందించాడు. 1972లో దేశమంతటా జరిగిన తొలి లెక్కింపులో 1,827 పులులని తేలింది. మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ మొదలయింది. మూడు దశాబ్దాలు ఆ గాజు పలకే ప్రమాణం. తడి ఇసుకలో ఒకలా, ఎండిన బురదలో ఒకలా పడే అడుగును బట్టి ఫలానా పులి అనటం ఎంతవరకు సబబు అన్న సందేహం ముందునుంచీ ఉన్నదే. రాజస్థాన్‌లో సరిస్కా అడవి కాగితాల మీద పులులతో ఉండగానే 2005 నాటికి నిజంలో ఖాళీ అయిపోవటంతో ఆ సందేహం తీరిపోయింది.

దాని స్థానంలోకి చారలు వచ్చాయి. తిమింగలం తోక మచ్చల వలెనే పులి డొక్కల మీద చారలు ఏ రెండింటికీ కలవవు. ఎడమ డొక్కకూ కుడి డొక్కకూ కూడా వేరువేరే. ఉల్లాస్ కారంత్ నాగరహొళెలో 1990లలో కెమెరా ఉచ్చులతో ఈ పద్ధతిని నిలబెట్టాడు. దేశవ్యాప్తపు లెక్క కూడా 2006 నుంచి కెమెరాల దారికే మళ్ళింది. తొలి ఫలితం 1,411. భయపడవలసిన సంఖ్యే గాని నమ్మదగిన సంఖ్య. 2022 లెక్కలో అది 3,682కు చేరింది.

కెమెరా పులిని రెండు చోట్ల చూపిస్తుంది. ఆ రెంటి మధ్య దారిని చూపించలేదు. దారి కావాలంటే మెడపట్టీ కావాలి, అంటే రేడియో కాలర్. నేపాల్‌లోని చిత్వన్‌లో 1970లలో మొదలయిన ఆ పద్ధతికి తరువాత ఉపగ్రహాలు తోడయ్యాయి. అలా గంట గంటకూ తెలిసిన దారుల్లో మా జిల్లాకు సంబంధించినది ఒకటున్నది.

పెన్‌గంగ నది ఆదిలాబాద్‌కూ మహారాష్ట్రకూ సరిహద్దు. నదికి అవతల యవత్మాళ్ జిల్లాలో తిప్పేశ్వర్ అభయారణ్యం. వైశాల్యం 148 చదరపు కిలోమీటర్లు. పులులకు అది చాలా ఇరుకు. అక్కడ 2016లో పుట్టిన ఒక మగపిల్లకు 2019 ఆరంభంలో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు మెడపట్టీ కట్టారు. కాగితాల మీద దాని పేరు టి1-సి1, అంటే ఒకటో నంబరు తల్లికి ఒకటో పిల్ల. తరువాత పత్రికలు పెట్టిన పేరు 'వాకర్'. తెలుగులో నడకవాడు అనవచ్చు, నాకు ఆ పేరే బాగున్నది.

నడకవాడు 2019 జూన్‌లో, వానలు మొదలయ్యే వేళ, తిప్పేశ్వర్ విడిచాడు. పాంఢర్‌కవడా అడవులు తిరిగాడు. నది దాటి మన ఆదిలాబాద్‌లోకి వచ్చాడు. ఇక్కడ ఆగలేదు. పడమరకు మళ్ళి పైన్‌గంగా అభయారణ్యం, హింగోలి, వాశీం, అకోలా మీదుగా సాగి డిసెంబరు మొదట్లో బుల్‌ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరాడు. దాదాపు ఐదు నెలల్లో 1,300 కిలోమీటర్లు. అక్కడా కొంతకాలం అటూ ఇటూ తిరిగాడు. మొత్తం తొమ్మిది నెలల్లో మూడు వేల కిలోమీటర్ల నడక, ఐదు వేలకు పైగా నమోదయిన స్థానాలు. మనదేశంలో ఒక పులి నడచినట్టు నమోదయిన దూరాల్లో అంతకు మించినది అప్పటికి లేదు.

నన్ను ఆలోచింపజేసినది ఆ మూడు వేలు కాదు. పటం మీద తిప్పేశ్వర్‌కూ జ్ఞానగంగకూ మధ్య సూటి దూరం సుమారు 230 కిలోమీటర్లు మాత్రమే. 230 కిలోమీటర్ల దూరానికి 1,300 నడిచాడంటే అర్థమేమిటి? దారి తెలిసి పోయినవాడు కాదు. పోవటం, ఆగటం, కుదరక వెనక్కు మళ్ళటం, మరో వాగు పట్టుకుని మళ్ళీ పోవటం. ఆ గీతను పటం మీద చూస్తే దారం ఉండ చిక్కుపడినట్టుంటుంది. తిమింగలం గీత అలా ఉండదు, దానికి తల్లి చూపిన దారి ఉంటుంది. ఇతనికి అన్నీ మొదటిసారే. పగలు వాగుల్లోనూ పొదల్లోనూ పడుకుని, రాత్రి పత్తిచేల మధ్య, రోడ్లు దాటుకుంటూ, అడవిపందులనూ పశువులనూ తింటూ నడిచాడు. ఇన్ని ఊళ్ళ పక్కగా పోయినా మనిషికి జరిగిన హాని ఒక్కసారే. అతను పడుకున్న పొదలోకి ఎవరో పొరపాటున వెళ్ళగా గాయపడ్డారు, ప్రాణాపాయం లేదు. ఎన్ని ఊళ్ళ వాళ్ళు ఆ ఐదు నెలల్లో తమ చేను గట్టున పులి నిద్రపోతున్నదని తెలియకుండానే పనులు చేసుకున్నారో!

మరి ఆదిలాబాద్‌లో ఎందుకు ఆగలేదు? పులి మనసులో మాట మెడపట్టీ చెప్పదు. కాని ఒక వింత గమనించవచ్చు. 1965లోనే అభయారణ్యమైన కవ్వాలను 2012 ఏప్రిల్‌లో పులుల రిజర్వుగా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే తిప్పేశ్వర్‌కు పదమూడు రెట్లు. ఇంత చేసినా లెక్కలు తీసినప్పుడల్లా కవ్వాల కోర్‌లో స్థిరంగా ఉన్న పులులు లేవనే తేలుతూ వచ్చింది. పులులు కాపురం పెట్టినది ఏ రిజర్వూ కాని కాగజ్‌నగర్ అడవుల్లో. తాడోబా వైపు నుంచి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి అక్కడి కదంబ అడవిలో పిల్లలను పెట్టింది. మనం గీసిన గీతల లోపల లేదు, బయట ఉన్నది. కోర్‌లో జింకలు తక్కువ, మేతకు వచ్చే పశువులు ఎక్కువ అంటారు. కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాలను 2024లో ఖాళీ చేయించి బయట ఇళ్ళు కట్టించారు. పులి కోసం మనుషులు వలస పోయారు. పులి ఇంకా వచ్చి స్థిరపడలేదు.

పటం విప్పి చూస్తే కారణం ఒకటి కళ్ళకే కనిపిస్తుంది. పడమట కవ్వాల. తూర్పున ప్రాణహిత, దాని అవతల ఇంద్రావతి అడవులు. ఈ రెంటి మధ్య ఉత్తర దక్షిణాలుగా కాజీపేట - బల్లార్షా రైలుమార్గం, దానికి పక్కగా నాలుగు వరుసల రహదారి, వాటి వెంట బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల, శ్రీరాంపూర్. బాయిలు, ఓపెన్‌కాస్టులు, వాటి మట్టిగుట్టలు, జైపూర్ దగ్గర 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. తూర్పు నుంచి పడమటికి పోదలచిన పులికి అడ్డంగా పడుకున్న గోడ మనమే. నా జీతం, మా ఇంటి దీపం ఆ గోడలోనివే కాబట్టి దానిని తిట్టే హక్కు నాకు లేదు. ఉన్నదని మాత్రం ఒప్పుకోవాలి.

ఆ గోడ సందుల్లో ఏమి జరుగుతుందో చెప్పే జాడలు కూడా ఉన్నాయి. చెన్నూరు అడవిలో తిరిగిన కె-4, ఫాల్గుణ బిడ్డే, కెమెరాలో కనిపించినప్పుడు నడుము చుట్టూ ఉచ్చు బిగుసుకుని ఉన్నది. పట్టుకుని తీసేద్దామని అటవీ సిబ్బంది ఎంత ప్రయత్నించినా చిక్కలేదు. ఉచ్చుతోనే తిరిగింది. 2019 జనవరిలో మందమర్రి దగ్గర ఒక పులి చర్మం పట్టుబడింది. శివ్వారం వైపు అడవిపందుల కోసం పరచిన కరెంటు తీగకు తగిలి చచ్చిన పులి అది. శివ్వారం మాకు ఎంతో దూరం కాదు, మొసళ్ళ మడుగు చూడటానికి పోయే చోటు. పులి ఎక్కడ తిరిగిందో చర్మం దొరికాక తెలియటం! తొంభై ఏళ్ళ నాటి ఉక్కు గొట్టం దగ్గరకే మళ్ళీ వచ్చామన్నమాట. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగావ్ అడవిలో రోజుల తేడాతో రెండు పులులు చచ్చిపడి ఉన్నాయి. మొదటిదానిని చూసి పులుల పోట్లాట అనుకున్నారు. రెండవది దొరికాక, విషం కలిపిన పశువు కళేబరం బయటపడింది.

ఇది ఒకవైపు మాత్రమే చెబితే అన్యాయమవుతుంది. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో రెండు వారాలు పైబడిన వ్యవధిలో ఇద్దరు పిల్లప్రాయం వాళ్ళు పులికి బలయ్యారు. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న యువతి బలయింది. నవంబరు పత్తి తీసే నెల. నడుం వంచి, చెట్ల ఎత్తున, తెల్లవారకముందే చేలోకి దిగే నెల. పులి కొత్త నేల వెతుక్కుంటూ తిరిగే కాలం కూడా అదే. అటవీశాఖ వారు తల వెనక పెట్టుకోవటానికి మనిషి ముఖపు మాస్కులు పంచారు. ఎండ ఎక్కాక చేలోకి పోయి పొద్దు వాలకముందే తిరిగి రమ్మన్నారు. కూలికి పోయేవాళ్ళకు ఆ గంటల కోత అంటే కూలి కోతే.

ఆ నెలల్లోనే జానీ వచ్చాడు. 2024 అక్టోబరులో మహారాష్ట్ర కిన్వట్ వైపు నుంచి ఆదిలాబాద్‌లోకి వచ్చిన మగపులి. మెడపట్టీ లేదు. అడుగులను బట్టి, చచ్చిన పశువులను బట్టి, కెమెరాను బట్టి తెలుసుకున్న దారి అతనిది. నిర్మల్ జిల్లాలో తిరిగి, రహదారి దాటి ఉట్నూరు వైపు పోయాడు. తోడు కోసం మూడు వందల కిలోమీటర్లు నడిచాడని పత్రికలు ప్రేమకథ రాశాయి. రాయనివ్వండి. జనం ఒక పులిని పేరు పెట్టి పిలిచి, ఈవేళ ఎక్కడున్నాడని అడిగితే మంచిదే. భయంతో అడిగినా సరే.

2025 మే 30న ప్రభుత్వం ఈ దారినంతా కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. సుమారు లక్షా నలభై తొమ్మిది వేల హెక్టార్లు. ఆ పరిధిలోకి వచ్చే గ్రామాలు మూడు వందలకు పైనే. పోడు పోతుందని, ఊళ్ళు లేపుతారని ఆదివాసులు తిరగబడ్డారు. జూలైలో జీవోను నిలిపివేశారు. జల్ జంగల్ జమీన్ అన్న మాట కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినవాడి పేరును అడవిలో గీసే గీతకు పెట్టినవారికి, ఆ గీత లోపలి మనుషులు ఆ పేరు తమదనే అంటారని తోచలేదా అని నాకు ఆశ్చర్యం. కవ్వాలలో ముందు ఊళ్ళు లేచి, తరువాతైనా పులి రాని సంగతి వాళ్ళు చూశారు. నడకవాడు మూడు వేల కిలోమీటర్లలో ఎక్కడా ఏ ఊరూ లేపనక్కర లేకుండానే నడిచాడు. అతనికి కావలసినది రాత్రిపూట దాటటానికి ఒక వాగు, ఆ వాగు గట్టున తీగ లేకపోవటం. దానికి జీవో కన్న ముందు కావలసినది కరెంటు తీగ పరచేవాడితో, పశువు పోయినవాడితో మాట్లాడటమూ, పోయిన పశువుకు డబ్బు ఆలస్యం లేకుండా ఇవ్వటమూ. ఇది నా అభిప్రాయం. విభేదించే మిత్రులు వ్యాఖ్యల్లో తప్పక రాయండి.

నడకవాడి మెడపట్టీని 2020 ఏప్రిల్‌లో తీసేశారు. బ్యాటరీ అప్పటికే చాలా వరకు అయిపోయింది. జ్ఞానగంగలో అతను తప్ప మరో పులి లేదు. తోడుగా ఒక ఆడపులిని తెచ్చి విడవాలా అని అధికారులు ఆలోచించారు. ఇక్కడ మా వైపు, కాగజ్‌నగర్, చెన్నూరు అడవుల్లో యానిమల్ ట్రాకర్లని పిలిచే మనుషులున్నారు. ఎక్కువమంది ఆ ఊళ్ళ ఆదివాసులే. తెల్లవారుజామున వాగుల వెంట నడుస్తూ, ఇసుకలో కొత్త అడుగు కనిపిస్తే కొలత తీసుకుని, ఫోన్‌లో ఫోటో తీసి, దగ్గరలోని చెట్టుకు కెమెరా కట్టి పోతారు. ఆ రాత్రి ఎవరైనా అటు నడిస్తే చారలు పడతాయి.